వెళ్ళే కీ ఒకటే, తిరిగొచ్చే కీలు మూడు: కోడ్ ఎడిటర్ షార్ట్‌కట్లను మార్చుకునే పద్ధతి

కోడ్ మీద పని చేసేటప్పుడు టైపింగ్ కన్నా తిరుగుడే ఎక్కువ. ఈ ఫంక్షన్ ఎక్కడ రాశారు, దీన్ని ఎక్కడెక్కడ పిలిచారు, ఇందాక చూస్తున్న వరుస ఏమైంది అనుకుంటూ ఫైలు నుంచి ఫైలుకు పోతూ వస్తూ ఉంటాం. ఎడిటర్‌తో పాటు వచ్చే షార్ట్‌కట్లు అన్ని రకాల కీబోర్డులకూ, అన్ని రకాల పనులకూ కలిపి పెట్టినవి. రోజూ ఇదే పని చేసేవాళ్ళ చేతికి అవి కుదరకపోవడంలో వింతేమీ లేదు.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌నే తీసుకోండి. ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్12 నొక్కితే డెఫినిషన్‌కి, అంటే ఆ ఫంక్షన్ రాసిన చోటికి, వెళ్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కీ మొదట సౌండ్ పెంచడానికో, ఇంకో పనికో పోతుంది. డెఫినిషన్ కావాలంటే ఎఫ్‌ఎన్ కీ కూడా పట్టుకోవాలి. తిరిగి రావడానికి విండోస్‌లో ఆల్ట్-ఎడమ బాణం, మ్యాక్‌లో కంట్రోల్-హైఫెన్, లినక్స్‌లో కంట్రోల్-ఆల్ట్-హైఫెన్. విండోస్ సంగతే చూస్తే, జంటగా చేసే రెండు పనుల్లో ఒకదాని కీ కీబోర్డు పై అంచున ఉంది, రెండోదాని కీ కింది మూలన ఉంది. రెండింటికీ చెయ్యి అక్షరాల వరుస వదిలి పోవాల్సిందే.

ఈ కీలను మార్చుకోవడం రెండు నిమిషాల పని. తల తినేది ఆ తర్వాత వచ్చే చిక్కు: పెట్టిన కీ పని చేయదు, లేదా ఒక చోట చేసి ఇంకో చోట చేయదు. అది ఎందుకో తెలియాలంటే నొక్కిన కీ ఏ దారిన నడుస్తుందో ముందు తెలియాలి.

మధ్యలో ఎవరు పట్టుకుంటున్నారు?

కీ నొక్కగానే అది ఎడిటర్ చేతిలో పడదు. ముందు ఆపరేటింగ్ సిస్టమ్, దాని వెంట విండో మేనేజర్, భాష టైపింగ్ కోసం పెట్టుకున్న ఇన్‌పుట్ మెథడ్ దాన్ని చూస్తాయి. ఎడిటర్ టెర్మినల్‌లోనో బ్రౌజర్‌లోనో నడుస్తుంటే వాటి వంతు కూడా ఉంటుంది. అందరూ వదిలేస్తేనే ఎడిటర్‌కి అందుతుంది. ఎడిటర్ లోపల కూడా ఎక్స్‌టెన్షన్లు, మీ సొంత నియమాలు, ఎడిటర్‌తో వచ్చిన మూల నియమాలు వరుసలో నిలబడి ఉంటాయి. ఈ గొలుసులో ఎవరైనా ఆ కీ తమదే అనుకుంటే అక్కడితో సరి.

ఉదాహరణకు, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో వెనక్కి వెళ్ళే కీ కంట్రోల్-ఆల్ట్-ఎడమ బాణం. లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అదే నొక్కితే వర్క్‌స్పేస్ మారిపోతుంది, ఎడిటర్‌కి కబురే అందదు. మ్యాక్‌లో కంట్రోల్‌తో పక్క బాణాలు స్పేసెస్ మార్చడానికి పోతాయి. వీఎస్ కోడ్‌లో తప్పు సవరించే సూచనలు చూపే క్విక్ ఫిక్స్ కీ కంట్రోల్-ఫుల్‌స్టాప్. లినక్స్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ మెథడ్ వాడేవాళ్ళకు కొన్ని వెర్షన్లలో అది ఇమోజీల కోసం ఐబస్సే పట్టేసుకుంటుంది. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇమోజీ ట్యాబ్‌కి వెళ్ళి ఆ కీ తీసేస్తే విడుదలవుతుంది. బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్‌లో కంట్రోల్-టి నొక్కితే సింబల్ వెతికే పెట్టె బదులు కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది, ఎందుకంటే కంట్రోల్-టి, కంట్రోల్-ఎన్, కంట్రోల్-డబ్ల్యూ అనే మూడింటినీ బ్రౌజర్ మామూలుగా వెబ్ పేజీకి వదలదు.

టెర్మినల్ సంగతి ఇంకా లోతైనది. పాత పద్ధతి టెర్మినల్స్‌లో కంట్రోల్-ఐ, ట్యాబ్ కీ రెండూ ఒకటే: రెండూ 9 అనే కోడ్‌నే పంపుతాయి. కంట్రోల్-ఎం అంటే ఎంటర్, అంటే 13. కంట్రోల్‌తో చదరపు బ్రాకెట్ తెరిచే కీ అంటే ఎస్కేప్, అంటే 27. కంట్రోల్-షిఫ్ట్-అక్షరానికీ వట్టి కంట్రోల్-అక్షరానికీ తేడా ఉండదు. విమ్ అనే టెర్మినల్ ఎడిటర్‌లో బఫర్లు (తెరిచిన ఫైళ్ళు) మార్చడానికి ట్యాబ్ కీని పెట్టుకున్న చాలామందికి, కొన్నాళ్ళకు జంప్ లిస్ట్‌లో, అంటే దూకిన చోట్ల జాబితాలో, ముందుకు వెళ్ళే కంట్రోల్-ఐ పని చేయడం లేదని తెలుస్తుంది. చెడింది ఏమీ లేదు. రెండూ ఒకే కోడ్ కాబట్టి ఒకటి మారిస్తే రెండూ మారాయి. కొత్త కీబోర్డ్ ప్రోటోకాల్‌ను అటు టెర్మినల్, ఇటు ఎడిటర్ రెండూ అర్థం చేసుకునే చోట మాత్రమే వీటిని విడదీయవచ్చు. కంట్రోల్-ఎస్ నొక్కగానే తెర గడ్డకట్టినట్టు ఆగిపోతే అది కూడా టెర్మినల్ పనే. కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది.

కాబట్టి పెట్టిన కీ పలకనప్పుడు సెట్టింగ్స్ తిరగేసే ముందు తేల్చాల్సింది ఒక్కటే: కీ ఎడిటర్ దాకా వచ్చిందా, రాలేదా? వీఎస్ కోడ్‌లో కమాండ్ పాలెట్ (కమాండ్ల పేర్లు వెతికి నడిపే పెట్టె) తెరిచి 'టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్' అనే డెవలపర్ కమాండ్ నడపండి. కింద అవుట్‌పుట్ పానెల్‌లో లాగ్ తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆ కీ నొక్కండి. ఒక్క వరుస కూడా పడలేదంటే బయటివాళ్ళు పట్టేశారు. ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా లాభం లేదు. వరుస పడి, కమాండ్ మాత్రం దొరకలేదని ఉంటే ఆ కీ ఎప్పుడు పలకాలో చెప్పే షరతు తప్పింది. వేరే కమాండ్ పేరు కనిపిస్తే ఇంకో నియమం ముందు నిలబడింది. విమ్‌లో ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-వి నొక్కి, తర్వాత ఆ కీ నొక్కితే వచ్చింది ఏమిటో కనిపిస్తుంది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో కంట్రోల్-హెచ్, తర్వాత కె నొక్కి కీ నొక్కితే అది ఏ కమాండ్‌కి, ఏ కీమ్యాప్ (కీల పట్టిక) ద్వారా పోతోందో చెబుతుంది.

వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్‌కి ఒక ప్రత్యేకత ఉంది. కర్సర్ అక్కడ ఉన్నప్పుడు చాలా కీలు షెల్‌కే (టెర్మినల్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్‌కే) పోతాయి. షెల్‌ను దాటించాల్సిన కమాండ్ల జాబితా 'కమాండ్స్ టు స్కిప్ షెల్' అనే సెట్టింగ్‌లో ఉంటుంది. మీరు కీ పెట్టిన కమాండ్ ఆ జాబితాలో లేకపోతే, ఎడిటర్‌లో పలికే కీ టెర్మినల్‌లో పలకదు. కమాండ్ ఐడీని ఆ జాబితాలో చేర్చాలి.

వెనక్కి అంటే ఎక్కడికి?

షార్ట్‌కట్ల గురించి మాట్లాడేటప్పుడు అందరి దృష్టీ దూకే కీల మీదే ఉంటుంది. తిరిగొచ్చే కీ సరిగ్గా లేకపోతే దూకడానికే చెయ్యి రాదు. డెఫినిషన్ చూసి మళ్ళీ ఇక్కడికే వస్తానన్న ధీమా ఉన్నప్పుడే మనిషి ధైర్యంగా నాలుగు ఫైళ్ళ లోతుకు దిగుతాడు. పైగా 'వెనక్కి' అనే మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి.

మొదటిది, డెఫినిషన్‌కో రిఫరెన్స్‌కో దూకిన చోటికి తిరిగి రావడం. రెండోది, కర్సర్ ఇంతకుముందు నిలబడిన చోట్లన్నీ వరుసగా వెనక్కి నడవడం. మూడోది, ఆఖరుసారి కోడ్ మార్చిన చోటికి పోవడం.

విమ్ ఈ మూడింటినీ విడివిడిగానే ఉంచింది. కంట్రోల్-టి, డెఫినిషన్లకు దూకిన చోట్లను గుర్తుంచుకునే ట్యాగ్ స్టాక్‌లో ఒక మెట్టు వెనక్కి వస్తుంది. కంట్రోల్-ఓ జంప్ లిస్ట్‌లో వెనక్కి పోతుంది. అందులో 100 చోట్ల దాకా నిలుస్తాయి. జి, తర్వాత సెమీకోలన్ నొక్కితే ఆఖరి మార్పు దగ్గరికి. ఈమాక్స్‌లో మెటా-ఫుల్‌స్టాప్‌తో (మెటా అంటే మామూలుగా ఆల్ట్ కీ) డెఫినిషన్‌కి వెళ్తే మెటా-కామాతో తిరిగొస్తారు; ఫైల్లో పాత గుర్తులకు కంట్రోల్-యు, కంట్రోల్-స్పేస్. జెట్‌బ్రెయిన్స్‌లో ఆఖరి మార్పుకు కంట్రోల్-షిఫ్ట్-బ్యాక్‌స్పేస్.

వీఎస్ కోడ్‌లో మామూలు 'గో బ్యాక్' రెండో రకం. డెఫినిషన్‌కి దూకి, ఆ ఫైల్లో కిందికి 40 వరుసలు దిగి, ఒక టైప్ పేరు మీద క్లిక్ చేసి, పైకొచ్చి ఇంకో ఫంక్షన్ చూశారనుకోండి. ఇప్పుడు 'గో బ్యాక్' నొక్కితే బయలుదేరిన చోటికి రారు. ఆ ఫైల్లో నిలబడిన ఒక్కో చోటా చూసుకుంటూ మూడు నాలుగు నొక్కులకు వస్తారు. కర్సర్ దాదాపు 10 వరుసల లోపు కదిలితే దాన్ని కొత్త చోటుగా లెక్కించదు కాబట్టి, ఎన్ని నొక్కులు పడతాయో ముందే చెప్పడం కూడా కష్టం. 'వెనక్కి కీ పిచ్చిగా ప్రవర్తిస్తోంది' అనే ఫిర్యాదులో చాలా భాగం ఇదే. మందు ఎడిటర్‌లోనే ఉంది: 'గో బ్యాక్ ఇన్ నావిగేషన్ లొకేషన్స్' అనే వేరే కమాండ్. అది డెఫినిషన్, రిఫరెన్స్ లాంటి దూకుళ్ళనే గుర్తుంచుకుంటుంది, మధ్యలో స్క్రోల్ చేసి క్లిక్ చేసినవి వదిలేస్తుంది. మార్పుల వెంట నడవడానికి 'గో బ్యాక్ ఇన్ ఎడిట్ లొకేషన్స్' ఉంది. ఆఖరి మార్పుకు మాత్రం ఎడిటర్‌తో పాటే వచ్చే కీ ఉంది: కంట్రోల్-కె, కంట్రోల్-క్యూ.

ఒక్క కీ మార్చే ఓపికే ఉంటే, ఈ నావిగేషన్ లొకేషన్స్ కమాండ్‌కి కీ పెట్టుకోవడం అన్నిటికన్నా లాభం.

ఒక జంటను మార్చి చూద్దాం

ఆల్ట్-ఫుల్‌స్టాప్‌తో డెఫినిషన్‌కి, ఆల్ట్-కామాతో వెనక్కి. ఈమాక్స్ వాడేవాళ్ళకు పాత జంటే. కీలు పక్కపక్కనే ఉంటాయి, కుడి చేతి రెండు వేళ్ళతో సరిపోతుంది.

కంట్రోల్-కె నొక్కి వదిలి, కంట్రోల్-ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. ముందుగా వెతికే పెట్టె పక్కనున్న 'రికార్డ్ కీస్' గుర్తు నొక్కి ఆల్ట్-ఫుల్‌స్టాప్ నొక్కండి. ఆ కీ ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లు చెప్పకుండా కీలు తీసుకుంటాయి కాబట్టి ఈ చూపు అవసరం. తర్వాత రికార్డింగ్ ఆపి 'గో టు డెఫినిషన్' అని వెతకండి. 'గో టు టైప్ డెఫినిషన్', 'పీక్ డెఫినిషన్' లాంటివి కూడా దగ్గర్లోనే వస్తాయి, తొందరలో పక్కదాన్ని పట్టుకోవద్దు. సరైన వరుస మీద డబుల్ క్లిక్ చేసి, కీ నొక్కి, ఎంటర్ కొట్టండి. ఇలా చేస్తే పాత ఎఫ్12 పోతుంది. రెండూ ఉండాలంటే రైట్ క్లిక్ చేసి 'యాడ్ కీబైండింగ్' ఎంచుకోవాలి. అదే పద్ధతిలో 'గో బ్యాక్ ఇన్ నావిగేషన్ లొకేషన్స్'కి ఆల్ట్-కామా పెట్టండి.

పట్టికలో 'వెన్' అనే నిలువు వరుసను గమనించండి. డెఫినిషన్ కమాండ్‌కి అక్కడ రెండు షరతులు కలిసి ఉంటాయి: కర్సర్ కోడ్‌లో ఉండాలి, ఆ భాషకు డెఫినిషన్ వెతికి పెట్టే సాధనం ఉండాలి. కొత్త ప్రాజెక్టు తెరిచిన వెంటనే కీ పలకకపోవడానికి చాలాసార్లు రెండోదే కారణం. భాషా ఎక్స్‌టెన్షన్ ఇంకా లేచి ఉండదు, లేదా అసలు వేసి ఉండదు.

షరతులు, వాటి వరుస

పట్టికలో చేసిన ప్రతి మార్పూ కీబైండింగ్స్ అనే జేసన్ ఫైల్లో నియమంగా చేరుతుంది. ఒక్కో నియమంలో కీ, కమాండ్, షరతు ఉంటాయి. అవసరమైతే కమాండ్‌కి ఇచ్చే విలువలు కూడా. ఉదాహరణకు కర్సర్ కదిపే 'కర్సర్ మూవ్' కమాండ్‌కి దిశ కిందికి, కొలత వరుస, విలువ 10 అని ఇస్తే ఒక్క నొక్కుకు 10 వరుసలు దిగుతుంది. కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెడితే ఆ కీ నుంచి ఆ కమాండ్‌ను తీసేసినట్టు.

ఈ ఫైలును ఎడిటర్ కింది నుంచి పైకి చదువుతుంది. కీ, షరతు రెండూ కుదిరిన మొదటి నియమం దగ్గర ఆగిపోతుంది. పైన ఏముందో చూడదు. మీ నియమాలు మూల నియమాల కింద చేరతాయి కాబట్టే మీ మాట నెగ్గుతుంది. మీ నియమాల్లోనే ఒకదానితో ఒకటి తగువు పడే చోటు కూడా ఇక్కడే ఉంది.

ఆల్ట్-జె అంటే ఎక్కడైనా 'తర్వాతిది' అని అర్థం వచ్చేలా పెట్టాలనుకుందాం. కోడ్‌లో ఉంటే తర్వాతి ఎర్రర్‌కి, ఫైళ్ళు వెతికే కంట్రోల్-పి పెట్టెలో ఉంటే తర్వాతి ఫైలుకి, సూచనల జాబితా తెరిచి ఉంటే తర్వాతి సూచనకి. ఒకే కీకి మూడు నియమాలు, మూడు షరతులు. ఇలాంటి ఏర్పాటు నిజంగా చేతికి పడుతుంది, ఎందుకంటే వేలు గుర్తుంచుకోవాల్సింది ఒక్క అర్థమే. మూడూ రాశాక సూచనల జాబితాలో ఆల్ట్-జె నొక్కితే ఎర్రర్‌కి దూకేస్తుంటే కంగారు పడొద్దు. సూచనల జాబితా తెరిచి ఉన్నప్పుడు కూడా కర్సర్ కోడ్‌లోనే ఉంటుంది. రెండు షరతులూ ఒకేసారి నిజం. ఫైల్లో ఏది కింద ఉంటే అదే గెలుస్తుంది. ఇరుకైన షరతు ఉన్న నియమాన్ని కిందికి దించితే సరిపోతుంది. ఏ క్షణంలో ఏ షరతులు నిజమో చూడాలంటే 'ఇన్‌స్పెక్ట్ కాంటెక్స్ట్ కీస్' అనే డెవలపర్ కమాండ్ ఉంది.

వరుస పట్టింపు మిగతా ఎడిటర్లలోనూ ఉంటుంది. సబ్లైమ్ టెక్స్ట్‌లో కూడా తర్వాత చదివిన నియమానిదే పైచేయి. ఈమాక్స్‌లో మైనర్ మోడ్ (అదనపు సౌకర్యం) కీమ్యాప్ మేజర్ మోడ్‌ను (ఫైలు రకానికి చెందినది), మేజర్ మోడ్ గ్లోబల్ కీమ్యాప్‌ను కప్పేస్తాయి. గ్లోబల్‌గా పెట్టిన కీ ఒక్క రకం ఫైళ్ళలో మాత్రం పలకకపోతే అదే కారణం. కంట్రోల్-సి తర్వాత ఒక అక్షరం, అలాగే ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా కీలు వాడుకరులకే వదిలేయాలన్నది ఈమాక్స్ కట్టుబాటు. అక్కడ కీలు పెట్టుకుంటే ప్యాకేజీలతో పేచీ ఉండదు.

రెండు మెట్ల కీలు

వట్టి కీలు త్వరగా అయిపోతాయి. అందుకే కంట్రోల్-కె లాంటి ముందు కీ, దాని వెనక ఇంకో కీ అనే పద్ధతి వచ్చింది. వీఎస్ కోడ్ ఫైల్లో ఈ రెంటి మధ్య ఒక ఖాళీ ఉంచి రాయాలి. ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది: ఒంటరి కంట్రోల్-కె కి ఏదైనా పని పెట్టారా, ఆ షరతు నిజమైన చోటల్లా కంట్రోల్-కె తో మొదలయ్యే షార్ట్‌కట్లన్నీ మూగబోతాయి. కింది నియమం ఒక్క నొక్కుకే కుదిరిపోయింది కాబట్టి ఎడిటర్ రెండో కీ కోసం ఆగదు.

విమ్‌లో దీనికి తిరగేసిన సమస్య వస్తుంది. లీడర్ అంటే సొంత షార్ట్‌కట్లకు ముందు నొక్కే కీ. లీడర్-ఎఫ్ ఒక పనికి, లీడర్-ఎఫ్-ఎఫ్ ఇంకో పనికి పెడితే, మొదటిది నొక్కినప్పుడల్లా ఇంకో ఎఫ్ వస్తుందేమోనని విమ్ ఎదురు చూస్తుంది. ఎంతసేపు చూడాలో చెప్పే 'టైమౌట్‌లెన్' మొదటి విలువ 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక్క సెకను. ఆ విలువ తగ్గించడం కన్నా, ఒక మ్యాపింగ్ ఇంకోదానికి మొదలు కాకుండా పేర్లు పెట్టుకోవడమే మంచిది. విలువ బాగా తగ్గిస్తే నిదానంగా నొక్కినప్పుడు రెండు మెట్ల కీలే అందవు.

విమ్ మ్యాపింగ్ రాసేటప్పుడు 'ఎన్‌మ్యాప్' కాకుండా 'ఎన్‌నోరీమ్యాప్' వాడాలి. మొదటిది ఫలితాన్ని మళ్ళీ మ్యాపింగ్‌ల గుండా నడిపిస్తుంది. సెమీకోలన్‌నూ కోలన్‌నూ ఎన్‌మ్యాప్‌తో తారుమారు చేస్తే ఒకటి రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని పిలుచుకుంటూ రికర్సివ్ మ్యాపింగ్ అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో లువా భాషతో కీమ్యాప్ సెట్ చేస్తే ఈ బెడద మొదటి నుంచే ఉండదు. ఏ మ్యాపింగ్ ఏ ఫైల్లో పెట్టారో తెలియకపోతే 'వర్బోస్ ఎన్‌మ్యాప్' అని, పక్కన ఆ కీ రాసి నడిపితే ఫైలు పేరుతో సహా చెబుతుంది.

విమ్‌లో 10, తర్వాత జె నొక్కి కిందికి దిగినది జంప్ లిస్ట్‌లో చేరదు. బయలుదేరే ముందు ఎం, వెంటనే అపాస్ట్రఫీ నొక్కితే ఆ చోటు చేరుతుంది, కంట్రోల్-ఓ తో తిరిగి రావచ్చు.

ఎన్ని మార్చాలి, ఎలా నిలుపుకోవాలి

ఒకేసారి రెండు మూడు కీలకు మించి మార్చకండి. ఇరవై మార్చిన రోజున చెయ్యి ఏదీ నేర్చుకోదు, కళ్ళు మళ్ళీ మౌస్ వైపు పోతాయి. కొత్త కీ అలవాటు కావాలంటే పాత కీని తీసేయడం బాగా పనిచేస్తుంది. ఎఫ్12 పలకనప్పుడే వేలు కొత్త చోటు వెతుక్కుంటుంది. మీ మెషీన్ మీద ఇతరులు కూడా కూర్చునే పరిస్థితి అయితే మాత్రం పాతవి ఉండనివ్వండి.

మ్యాక్ వాడేవాళ్ళు ఆప్షన్-అక్షరం కీలను జాగ్రత్తగా ఎంచుకోవాలి. వాటిలో ప్రతిదీ ఏదో ఒక ప్రత్యేక గుర్తు టైప్ చేస్తుంది. కీ పెట్టాక ఆ గుర్తు ఎడిటర్‌లో రాదు. ఆప్షన్-ఈ, ఆప్షన్-ఎన్ లాంటివి తర్వాతి అక్షరం కోసం ఆగే కీలు, వాటి జోలికి పోకపోవడమే మేలు. విండోస్‌లో ఆల్ట్-ఎఫ్, ఆల్ట్-జి లాంటివి మెనూలు తెరవడానికి వాడతారు. కొన్ని దేశాల లేఅవుట్లలో కంట్రోల్-ఆల్ట్ కలిపితే ఆల్ట్-జీఆర్ కిందే లెక్క, దానితో గుర్తులు టైప్ అవుతాయి. అలాంటి కీబోర్డులు వాడే బృందంతో నియమాలు పంచుకుంటుంటే కంట్రోల్-ఆల్ట్ మానేయండి.

వీఎస్ కోడ్‌లో మెషీన్ల మధ్య సెట్టింగ్స్ కలిపి ఉంచే సెట్టింగ్స్ సింక్ పెట్టుకున్నా, మొదట ఉన్న ఏర్పాటు ప్రకారం షార్ట్‌కట్లు ప్లాట్‌ఫామ్‌కి విడిగానే దాచుకుంటుంది. విండోస్‌లో పెట్టినవి మ్యాక్‌లో కనిపించకపోవడానికి కారణం అది. కలిపేయాలంటే 'కీబైండింగ్స్ పర్ ప్లాట్‌ఫామ్' సెట్టింగ్ తీసేయాలి. కంట్రోల్, కమాండ్ కీల తేడా వల్ల విడిగా ఉంచడమే నయం. లేఅవుట్ తరచూ మార్చేవాళ్ళు అక్షరం పేరు బదులు కీ భౌతిక స్థానం పేరును చదరపు బ్రాకెట్లలో రాయవచ్చు. అప్పుడు ఆ కీ మీద ఏ లిపి ఏ అక్షరం ఉన్నా, ఆల్ట్‌తో ఫుల్‌స్టాప్ స్థానంలోని కీ నొక్కితే డెఫినిషన్‌కే వెళ్తుంది.